94 శాతం మంది తప్పుపట్టారు, మరి వీసాలు ఎందుకు అందలేదు?

కాగితపుపడవ:

1938 నవంబర్‌లో జర్మనీ అంతటా యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనాలయాలు తగలబెట్టాక గాలప్ సంస్థ అమెరికాలో జనాభిప్రాయం సేకరించింది. యూదుల పట్ల నాజీల తీరు తప్పని 94 శాతం మంది అన్నారు. ఆ నెలలోనే, జర్మనీ నుంచి ఇంకా ఎక్కువమంది యూదులను రానిద్దామా అని అడిగితే 70 శాతానికి పైగా వద్దన్నారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ‘మాటలు చెప్పి చేతులు దులుపుకున్నారు’ అని తేల్చేసే వ్యాసాలకు కొదవలేదు. నాకు తీర్పు అక్కర్లేదు, పని ఎలా నడిచిందో, ఎక్కడ ఆగిందో కావాలి.

సందేహాలు మూడు. హిట్లర్ వచ్చిన తొలి నాలుగైదేళ్లలో జర్మన్ కోటా (జర్మనీలో పుట్టినవారికి అమెరికా ఏటా ఇవ్వగల వీసాల పరిమితి) సగం కూడా నిండలేదు. అవతల ప్రాణాల మీదికి వస్తుంటే ఇవతల ఖాళీలు ఎలా మిగిలాయి? రెండోది, అమెరికాలో ఉన్న ఒక మామూలు మనిషి బెర్లిన్ నుంచో వియన్నా నుంచో ఒకరిని రప్పించాలంటే ఏయే కాగితాలు పెట్టాలి? మూడోది, సభలూ బహిష్కరణలూ జోరుగా జరిగాయి కదా, వాటివల్ల ఏమైనా కదిలిందా?

పాతఫైళ్లు:

మొదటి రెండూ ఒకే ముడి, కలిపే చెబుతాను.

1924 వలస చట్టంలో శరణార్థి అనే వర్గమే లేదు. ప్రాణభయంతో వచ్చేవాళ్లూ, మంచి జీతం కోసం వచ్చేవాళ్లూ ఒకే వరుస. కోటా ఉన్న దేశాలన్నిటికీ కలిపి ఏడాదికి దాదాపు 1,54,000 స్థానాలు. అందులో బ్రిటన్‌కే 65,721. జర్మనీకి 25,957. యూదులు లక్షల్లో ఉన్న పోలండ్‌కు 6,524, హంగరీకి 869, రుమేనియాకు 377. బ్రిటన్ వాటాలో ఏటా వేలకు వేలు మిగిలిపోయినా వాటిని పోలండ్‌కు మళ్లించే వీల్లేదు. ఈ ఏడాది మిగిలినవి వచ్చే ఏడాదికి రావు. లెక్క జూలై 1న మొదలై జూన్ 30న మూతపడుతుంది. ఏ నెలలోనూ వార్షిక కోటాలో పదో వంతుకు మించి ఇవ్వకూడదు. అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసిన నిబంధన ఇంకొకటి: కోటా లెక్కించేది పుట్టిన ఊరిని బట్టి, పౌరసత్వాన్ని బట్టి కాదు. పసిపిల్లాడిగా పోలండ్ నుంచి బెర్లిన్ వచ్చి, అక్కడే చదివి, అక్కడే ముసలివాడైన మనిషి కూడా పోలండ్ వరుసలోనే నిలబడాలి.

ఇక ఖాళీల సంగతి. 1917 చట్టంలో ‘ప్రభుత్వానికి భారమయ్యే అవకాశం ఉన్నవారిని’ ఆపమని ఒక వాక్యం ఉంది. మొదట్లో దాన్ని ఒళ్లు సహకరించక పని చేసుకోలేనివారికే వాడేవారు. ఆర్థిక మాంద్యం రాగానే, 1930 సెప్టెంబర్‌లో, అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం దాని అర్థం సాగదీసింది. చేతిలో తగినంత డబ్బు లేకపోతే ఎంత దృఢంగా ఉన్నా భారమే. పోనీ అక్కడ ఉద్యోగం ఖాయం చేసుకుని వస్తానంటారా, 1885 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం దానికి అడ్డు. ముందే పని ఒప్పుకుని రావడం నిషిద్ధం. అంటే పని ఉందని చెప్పకూడదు, పని లేకుండా ఎలా బతుకుతావో మాత్రం రుజువు చేయాలి.

డబ్బు చూపిద్దామంటే జర్మనీ వదిలితేగా. దేశం విడిచేవారి ఆస్తి మీద పాతిక శాతం పన్ను 1931 నుంచే ఉంది. మిగిలింది నిరోధిత ఖాతాలో పడేది, దాన్ని విదేశీ నగదుగా మార్చుకుంటే చేతికొచ్చేది నామమాత్రం. 1930ల చివరికొచ్చేసరికి జేబులో పెట్టుకుని సరిహద్దు దాటగలిగింది 10 మార్కులు. 1933లో జర్మన్ కోటా వరుసలో 82,787 మంది ఉంటే వీసా దొరికింది 1,241 మందికి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, చట్టం పాతికవేల స్థానాలు ఇచ్చింది, కాన్సులేట్ బల్ల దగ్గర అవి ఆగాయి. కాన్సుల్ కాదంటే పై అధికారికి అప్పీలు కూడా లేదు. 1937 జనవరిలో విదేశాంగ శాఖ సూచన మార్చింది: ‘భారం కావచ్చు’ అన్న అనుమానం చాలదు, ‘భారమయ్యేలా ఉన్నారు’ అనిపిస్తేనే ఆపండి. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, వీసాలు పెరిగాయి. తలుచుకుంటే నాలుగేళ్ల ముందే ఈ పని చేసి ఉండవచ్చు, నా ఉద్దేశంలో అమెరికా ప్రభుత్వం మీద పెట్టగల అతి గట్టి అభియోగం ఇదే.

1938 మార్చిలో ఆస్ట్రియాను జర్మనీ మింగేశాక రెండు కోటాలూ కలిపి 27,370 చేశారు. 1939 జూన్ 30తో ముగిసిన ఏడాదిలో అది పూర్తిగా నిండింది, హిట్లర్ వచ్చాక మొదటిసారి. ఆ రోజుకు వరుసలో ఉన్నవారు 3,09,782. భాగించి చూడండి, చివరి మనిషి వంతు రావడానికి 11 ఏళ్లు దాటుతుంది.

ఇప్పుడు కాగితాలు. దరఖాస్తుదారు వైపు: వీసా దరఖాస్తు ఐదు ప్రతులు, జనన ధ్రువీకరణ రెండు, పోలీసుల నుంచి సత్ప్రవర్తన పత్రం రెండు. పోలీసు ఫైలు, జైలు రికార్డు, సైనిక రికార్డు, తన గురించి ప్రభుత్వం దగ్గర ఉన్న ఇతర కాగితాలు, ఇవీ రెండేసి. ఏ పోలీసుల నుంచి పారిపోతున్నారో వాళ్ల దగ్గరికే వెళ్లి ‘వీడు మంచివాడు’ అని రాయించుకోవాలి. కాన్సులేట్‌లో వైద్య పరీక్ష. 1939 సెప్టెంబర్ నుంచి వీటికి తోడు, జర్మనీ వదలడానికి అనుమతి ఉందన్న రుజువు, ఓడలో చోటు ఖాయమైందన్న రుజువు.

పూచీదారు వైపు: ఇద్దరు ఉండాలి, అమెరికా పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. ఒక్కొక్కరూ పోషణ అఫిడవిట్ ఆరేసి ప్రతులు నోటరీ చేయించాలి. దానికి తాజా ఆదాయపు పన్ను రిటర్ను ధ్రువీకృత నకలు, ఖాతాలో ఎంత ఉందో బ్యాంకు ఇచ్చే పత్రం, జీతం గురించి యజమాని రాసే పత్రం జత చేయాలి.

ఎక్కువగా బెడిసికొట్టిన చోట్లు రెండు. ఒకటి బంధుత్వం. అన్న తమ్ముడి కోసం రాస్తే కాన్సుల్ నమ్మేవాడు. దూరపు బంధువో, ముక్కూమొహం తెలియనివారో రాస్తే ‘రేపు ఈయన చేతులెత్తేస్తే?’ అని పక్కన పెట్టేవాడు. వియన్నాలో కొందరు అమెరికా టెలిఫోన్ డైరెక్టరీలు తిరగేసి, తమ ఇంటిపేరే ఉన్న అపరిచితులకు పూచీ ఇమ్మని ఉత్తరాలు రాశారు. సరే అన్నవారూ ఉన్నారు, కానీ ఆ అఫిడవిట్‌కు తూకం తక్కువ. బంధుత్వం లేనివారు అసలెందుకు పోషించదలచారో విడిగా వివరణ రాసి, ఆస్తి ఎక్కువగా చూపిస్తే కొంత నయం.

రెండోది గడువులు. వలస వీసా నాలుగు నెలలే చెల్లుతుంది. పోలీసు పత్రం పాతబడుతుంది. పూచీదారు పన్ను కాగితాలు ఏడాది తిరిగేసరికి మళ్లీ కావాలి. యుద్ధం వచ్చాక స్పెయిన్, పోర్చుగల్ దారి వీసాలు, ఫ్రాన్స్‌లో ఉంటే బయటికి పోయే అనుమతి. ఇవన్నీ ఒకే వారంలో సజీవంగా ఉండాలి. ఓడ రద్దయితే దారి వీసా పోతుంది, దారి వీసా తెచ్చేలోగా అమెరికా వీసా గడువు తీరుతుంది, మళ్లీ మొదటికి. ఇలా రెండుమూడు చుట్లు తిరిగి ఆగిపోయిన కుటుంబాలు ఎన్నో.

ఒడంబడిక:

పాతఫైళ్లు గారు వీసా సంగతి కడిగేశారు, నేను వెనక్కి వెళ్తాను. 1933 నుంచి మొదలుపెడితే, అప్పటి నాయకులు ఆ పద్ధతులే ఎందుకు పట్టుకున్నారో అర్థం కాదు. వాళ్ల ముందు ఒక నూరేళ్ల అలవాటు ఉంది.

1840లో డమాస్కస్‌లో యూదుల మీద హత్యానింద మోపి చిత్రహింసలు పెట్టినప్పుడు అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ ప్రభుత్వం ఈజిప్టులోని తన కాన్సుల్ ద్వారా నిరసన తెలిపింది. విచిత్రమేమిటంటే అమెరికా యూదులు సభలు పెట్టి అర్జీలు పంపేలోపే ఆ ఉత్తరం వెళ్లిపోయింది. 1858లో బొలోన్యాలో మోర్తారా అనే యూదు కుటుంబం పిల్లవాడిని, పనిమనిషి రహస్యంగా బాప్తిస్మం ఇచ్చిందన్న కారణంతో, పోప్ పోలీసులు ఎత్తుకుపోయారు. ఈసారి సభలు పెద్దవే, కానీ అధ్యక్షుడు బుకానన్ జోక్యం చేసుకోనన్నాడు. పరాయి దేశం పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీయడం గురించి మాట్లాడితే, మీ దేశంలో బానిసల పిల్లల సంగతేమిటని ఎదురు ప్రశ్న వస్తుంది కదా.

అసలు పాఠం 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్. ఆ ఏప్రిల్‌లో రెండు రోజుల ఊచకోతలో 49 మంది యూదులు చనిపోయారు. బ్నాయ్ బ్రిత్ అనే అమెరికా యూదుల సంఘం రష్యా చక్రవర్తి జార్‌కు ఒక అర్జీ తయారు చేసి 12,544 సంతకాలు సేకరించింది. రష్యా దాన్ని ముట్టుకోదని అందరికీ తెలుసు. అప్పుడు అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్, విదేశాంగ మంత్రి జాన్ హే చేసిన పని చూడండి. ‘ఇలాంటి అర్జీ ఒకటి ఉంది, స్వీకరిస్తారా?’ అని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని తమ రాయబార కార్యాలయానికి తంతి కొట్టారు, ఆ తంతిలోనే అర్జీ పాఠం మొత్తం పెట్టారు. రష్యా ఊహించినట్టే తీసుకోనంది. కానీ అర్జీలో ఏముందో ఆ పాటికే రష్యా ప్రభుత్వానికి చేరింది, ప్రపంచ పత్రికలన్నిటికీ ఎక్కింది. సంతకాల కట్ట విదేశాంగ శాఖలో భద్రమైంది.

తర్వాతి మెట్టు 1911. 1832 నాటి వాణిజ్య ఒడంబడిక ప్రకారం అమెరికా పౌరులంతా రష్యాలో సమానమే, అయినా అమెరికన్ పాస్‌పోర్టు ఉన్న యూదులకు రష్యా వీసా నిరాకరించేది. అమెరికన్ జ్యూయిష్ కమిటీ తరఫున లూయీ మార్షల్ దీన్ని యూదుల ఫిర్యాదుగా కాకుండా అమెరికా పాస్‌పోర్టుకు జరిగిన అవమానంగా నిలబెట్టాడు. అక్కడే ఉంది నేర్పు. ఒడంబడిక రద్దు తీర్మానం 1911 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ ముందుకు వస్తే వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. 1912 చివరికి ఒడంబడిక ముగిసింది. దానివల్ల రష్యాలో యూదుల బతుకు బాగుపడలేదు, అదీ చెప్పుకోవాలి. బాగుపడింది అమెరికా యూదుల ఆత్మవిశ్వాసం.

డబ్బు పంపే యంత్రాంగం కూడా అప్పటిదే. 1914 ఆగస్టు 31న కాన్‌స్టాంటినోపుల్‌లోని రాయబారి హెన్రీ మోర్గెన్‌థా, పాలస్తీనా యూదులు ఆకలితో చచ్చేలా ఉన్నారు, 50,000 డాలర్లు పంపండని న్యూయార్క్ బ్యాంకరు జేకబ్ షిఫ్‌కు తంతి ఇచ్చాడు. ఆ ఏడాది నవంబర్‌కల్లా జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీ పుట్టింది. తర్వాత ముప్పై ఏళ్లు యూరప్‌లో ఎక్కడ సూప్ వంటశాల తెరిచినా, ఎవరి ఓడ టికెట్ కొన్నా వెనక ఉన్న డబ్బు చాలావరకు దీనిదే. ‘జాయింట్’ అంటే యూరప్ యూదులందరికీ తెలుసు.

లెక్కలపద్దు:

మూడో సందేహానికి నా వంతు. బహిష్కరణ గురించి.

1933 మార్చిలో జ్యూయిష్ వార్ వెటరన్స్ (యూదు మాజీ సైనికుల సంఘం) జర్మన్ సరుకు కొనవద్దని పిలుపిచ్చారు. మార్చి 27న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రబ్బీ (యూదు మతగురువు) స్టీఫెన్ వైజ్, అమెరికన్ జ్యూయిష్ కాంగ్రెస్ పెట్టిన సభకు లోపల పట్టనంత జనం. ఐదు రోజులకే, ఏప్రిల్ 1న, జర్మనీలో యూదుల దుకాణాల ముందు నాజీ కాపలాలు. ‘విదేశాల్లో మీవాళ్లు చేసినదానికి ఇది జవాబు’ అన్నది గోబెల్స్ వాదన. అమెరికన్ జ్యూయిష్ కమిటీ, బ్నాయ్ బ్రిత్ మొదటి నుంచీ భయపడిందీ ఇదే, అందుకే బహిష్కరణకు దూరంగా నిలిచాయి. వీళ్లను పిరికివాళ్లని ఇప్పుడు తిట్టడం తేలిక. జర్మనీలోని యూదు సంస్థల నుంచి ‘దయచేసి సభ ఆపండి’ అని నిజంగానే సందేశాలు వచ్చాయి. అవి మెడ మీద కత్తి పెట్టి రాయించినవా కాదా అని న్యూయార్క్‌లో కూర్చుని ఎలా తేల్చడం?

పని జరిగిన తీరు ఇది. అమెరికాలోకి దిగే సరుకు మీద ఏ దేశంలో తయారైందో ముద్ర ఉండాలని సుంకాల చట్టం చెబుతుంది. కార్యకర్తలు దుకాణాల్లో బొమ్మలు, చేతి తొడుగులు, కెమెరాలు తిప్పి ముద్ర చూసేవారు, దుకాణదారుకు ఉత్తరం రాసేవారు, వినకపోతే వాకిట్లో ప్లకార్డులతో నిలబడేవారు. పెద్ద దుకాణాల్లో కొనుగోలు విభాగాన్ని ఒప్పించడమే గురి, ఎందుకంటే ఒక్క సంతకంతో ఏడాది ఆర్డరు ఆగుతుంది. ఏడాది పాటు మొండికేసిన న్యూయార్క్ పెద్ద దుకాణం మేసీస్ 1934 మార్చిలో జర్మన్ సరుకు కొనడం మానేసింది. న్యూయార్క్ లాయరు శామ్యూల్ అంటర్‌మయర్ దీన్ని యూదుల పోరాటంగా మాత్రమే మిగలనివ్వకూడదని తాను నడిపిన బహిష్కరణ సంస్థ పేరులోనే ‘నాన్ సెక్టేరియన్’ (ఏ ఒక్క మతానికీ చెందనిది) అని చేర్చాడు.

గండి పడింది రెండు చోట్ల. 1933 ఆగస్టులో, పాలస్తీనాలో యూదుల దేశం కోరే జయనిస్టు సంస్థలు జర్మనీతో హావరా ఒప్పందం చేసుకున్నాయి: పాలస్తీనాకు వలసపోయే యూదుల డబ్బు జర్మన్ సరుకు రూపంలో బయటికి వస్తుంది. వేలమంది ప్రాణాలు దక్కాయి, కానీ ‘మీవాళ్లే కొంటున్నారు, మమ్మల్ని ఎందుకు ఆపుతారు?’ అన్న వ్యాపారులకు జవాబు లేకపోయింది. ఇక రెండోది, జర్మనీ తన వ్యాపారాన్ని ఆగ్నేయ యూరప్ వైపు, లాటిన్ అమెరికా వైపు వస్తుమార్పిడి పద్ధతికి మళ్లించుకుంది. కొన్ని పరిశ్రమలకు నొప్పి తగిలింది, విధానం మాత్రం మారలేదు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ సంగతి క్లుప్తంగా. 1935 డిసెంబర్‌లో అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్‌లో బెర్లిన్‌కు వెళ్లకూడదన్న వర్గం చాలా స్వల్ప తేడాతో ఓడింది. వెళ్లొద్దన్న అమెరికా సభ్యుడు ఎర్నెస్ట్ జాన్కీని అంతర్జాతీయ కమిటీ తొలగించి, వెళ్దామన్న ఎవరీ బ్రండేజ్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

కాగితపుపడవ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పోలీసు పత్రం సంగతి నాకు బొత్తిగా తెలియదు. ఇంకో రెండు అడుగుతాను. యూదు శరణార్థులతో వచ్చిన సెయింట్ లూయీ ఓడను ఫ్లోరిడా తీరం దాకా వచ్చాక ఎందుకు తిప్పి పంపారు, అధ్యక్షుడి చేతిలో ఏమీ లేదా? 1942లో హత్యాకాండ బయటపడ్డాక కూడా ప్రభుత్వం పద్నాలుగు నెలలు ఎందుకు కూర్చుంది?

పాతఫైళ్లు:

సెయింట్ లూయీ 1939 మే 13న హాంబర్గ్‌లో బయలుదేరింది, 937 మంది ప్రయాణికులు. వెళ్లింది అమెరికాకు కాదు, హవానాకు. క్యూబాలో ఆగి అమెరికా కోటాలో తమ వంతు వచ్చేదాకా వేచి ఉందామని వారి ఆలోచన. 743 మంది పేర్లు అప్పటికే అమెరికా వరుసలో ఉన్నాయి. క్యూబా వలస శాఖ అధిపతి అమ్ముకున్న, దేశంలో దిగే అనుమతి పత్రాలను, ఓడ బయలుదేరడానికి వారం ముందే అధ్యక్షుడు లరేదో బ్రూ రద్దు చేశాడు. సరైన వీసాలున్న 28 మంది మాత్రం దిగారు. జాయింట్ తరఫున వెళ్లిన లాయరు బేరసారాలు చేస్తుండగానే జూన్ 2న ఓడను రేవు నుంచి పొమ్మన్నారు.

అమెరికా జవాబు ఒక్క ముక్క: మీ వంతు రాలేదు. ఆ ఏడాది జర్మన్ కోటా నిండిపోయింది. వీళ్లను దించితే వరుసలో ముందున్న వేలమందిని దాటించినట్టే. కోటా పెంచే అధికారం కాంగ్రెస్‌ది. అధ్యక్షుడి చేతిలో బొత్తిగా ఏమీ లేదనడం కూడా సరికాదు. 1938 నవంబర్ తర్వాత, సందర్శక వీసాల మీద దేశంలో ఉన్న 12 నుంచి 15 వేల మంది జర్మన్ శరణార్థుల గడువును ఇదే అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఎవరినీ అడగకుండా పొడిగించాడు. ఈసారి ఆ దారి తొక్కలేదు. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ ఆ ప్రయాణికులను పంచుకున్నాయి, ఖర్చుకు జాయింట్ పూచీ పడింది. యూరప్ ప్రధాన భూభాగంలో దిగినవారిని ఏడాది తిరగకుండానే జర్మన్ సైన్యం చేరుకుంది. మొత్తం 254 మంది చనిపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో ఓడ. ప్రెసిడెంట్ హార్డింగ్ 1939 జూన్ 3న న్యూయార్క్ చేరింది, అందులో వియన్నా నుంచి వచ్చిన 50 మంది యూదు పిల్లలు. ఫిలడెల్ఫియా లాయరు గిల్బర్ట్ క్రౌస్, భార్య ఎలినార్ తెచ్చారు. వీళ్లకెలా కుదిరింది? వీసా నంబరు కేటాయించాక ఆ మనిషి వేరే దేశానికి పోతేనో, రాలేకపోతేనో ఆ నంబరు వృథా అవుతుంది. అలా మిగిలిన నంబర్లను పిల్లలకు ఇస్తారా అని ముందే విదేశాంగ శాఖను అడిగి, ఒక్కో బిడ్డకు పూచీ అఫిడవిట్లు ఎలినార్ అమెరికాలోనే పోగుచేసి పెట్టుకున్నాక బయలుదేరారు. చట్టాన్ని వంచలేదు, అందులో ఉన్న సందు వెతికారు.

ఆ ఏడాదే సెనెటర్ రాబర్ట్ వాగ్నర్, ప్రతినిధి ఈడిత్ రోజర్స్ తెచ్చిన బిల్లు రెండేళ్లలో 20,000 మంది పిల్లలను కోటాకు అదనంగా తీసుకోమంది. కమిటీలో ప్రత్యర్థులు ‘అదనంగా’ తీసేసి ‘కోటాలోనే’ అని మార్చారు. అలాగైతే పిల్లల కోసం పెద్దలను ఆపాలి. వాగ్నర్ తన బిల్లు తానే వెనక్కి తీసుకున్నాడు.

ట్రెజరీగది:

1942 ప్రశ్నకు నేను చెబుతాను, ఇది కూడా కాగితాల కథే.

1942 ఆగస్టు 8న జెనీవాలో వరల్డ్ జ్యూయిష్ కాంగ్రెస్ ప్రతినిధి గెర్‌హార్ట్ రీగ్నర్, యూరప్ యూదులందరినీ చంపే పథకం ఉందన్న సమాచారాన్ని అమెరికా కాన్సులేట్‌కు ఇచ్చాడు, స్టీఫెన్ వైజ్‌కు చేర్చమన్నాడు. విదేశాంగ శాఖ నమ్మలేదు, వైజ్‌కు ఇవ్వలేదు. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడి ద్వారా తిరిగి అది ఆగస్టు చివర్లో వైజ్‌కు చేరింది. ధ్రువీకరణ అయ్యేదాకా ఆగమని విదేశాంగ ఉపమంత్రి సమ్నర్ వెల్స్ కోరాడు. నవంబర్ 24న వైజ్ పత్రికలకు చెప్పాడు, అప్పటికే 20 లక్షల మంది చనిపోయారని. డిసెంబర్ 17న మిత్రరాజ్యాలు ఉమ్మడిగా ఖండించాయి. 1943 ఏప్రిల్‌లో బెర్ముడా సమావేశం జరిగి ఏమీ తేల్చలేదు.

ఆ మధ్యలో నడిచినది ఆసక్తికరం. రుమేనియా, ఫ్రాన్స్ యూదుల కోసం డబ్బు పంపుతామని రీగ్నర్ ప్రతిపాదించాడు. శత్రువు ప్రాంతానికి డబ్బు పంపాలంటే ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) లైసెన్సు ఉండాలి. పద్ధతి ఇలా: అక్కడి స్థానికులు తమ డబ్బును సహాయక బృందాలకు అప్పుగా ఇస్తారు. దానికి సరిపడా సొమ్ము స్విట్జర్లాండ్‌లో నిరోధిత ఖాతాలో ఉంటుంది, యుద్ధం ముగిశాకే వాళ్లు తీసుకోవాలి. శత్రువు చేతికి విదేశీ నగదు చిల్లిగవ్వ పోదు. ట్రెజరీ 1943 జూలైలో సరేనంది. విదేశాంగ శాఖ, బ్రిటిష్ అధికారులు తలా ఒక అభ్యంతరం పెట్టి డిసెంబర్ దాకా లాగారు.

ఎందుకింత ఆలస్యమని ట్రెజరీ లాయరు జోసయా డుబోయిస్ తవ్వాడు. ఫైల్లో ఒక తంతి ఇంకో తంతిని, 354వ నంబరు, ప్రస్తావించింది. దాని నకలు అడిగితే ఇది మీకు సంబంధం లేదన్నారు. లోపాయికారీగా సంపాదించి చూస్తే 1943 ఫిబ్రవరి 10 తేదీతో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కార్యాలయానికి వెళ్లిన ఆదేశం: ప్రైవేటు వ్యక్తుల కోసం ఇలాంటి సమాచారం ఇకమీదట పంపకండి. హత్యల వార్త వచ్చే గొట్టాన్నే మూసేశారన్నమాట. డుబోయిస్ నివేదికకు పెట్టిన శీర్షిక, యూదుల హత్యకు ఈ ప్రభుత్వ మౌనాంగీకారం గురించి అని. ట్రెజరీ మంత్రి హెన్రీ మోర్గెన్‌థా జూనియర్ (పైన చెప్పిన రాయబారి కొడుకే) శీర్షికను మెత్తబరిచి 1944 జనవరి 16న రూజ్‌వెల్ట్ ముందు పెట్టాడు. ఆరు రోజుల్లో, శరణార్థులను కాపాడే ప్రభుత్వ సంస్థగా వార్ రెఫ్యూజీ బోర్డు ఏర్పడింది. కాంగ్రెస్‌లో అప్పటికే, యూదులను కాపాడమని ఉద్యమం నడిపిన హిల్లెల్ కుక్ బృందం తెప్పించిన తీర్మానం కాగుతూ ఉంది, రబ్బీలు 400 మంది వాషింగ్టన్ వీధుల్లో నడిచి మూడు నెలలే అయింది. అది లేకపోతే ఆరు రోజుల్లో అయ్యేది కాదు.

బోర్డుకు ప్రభుత్వం ఇచ్చింది పది లక్షల డాలర్లు, మిగతా ఖర్చంతా ప్రైవేటు చందాలు, సింహభాగం జాయింట్‌దే. బోర్డు చేసిన పెద్ద పని లైసెన్సులు రోజుల్లో ఇవ్వడం. దాని స్టాక్‌హోమ్ ప్రతినిధి ఐవర్ ఓల్సెన్ వెతికి పట్టుకున్న మనిషే, బుడాపెస్ట్ యూదులను కాపాడిన స్వీడన్‌వాడు రావుల్ వాలెన్‌బర్గ్, 1944 జూలైలో బుడాపెస్ట్ చేరాడు.

లెక్కలపద్దు:

ఒక్క మాట. తప్పంతా వీసా విభాగం చూసిన బ్రెకిన్‌రిడ్జ్ లాంగ్ నెత్తిన రుద్దడం పరిపాటి అయింది. 1940 జూన్‌లో, కాన్సుల్‌లకు అడ్డంకులు పెట్టమని చెప్పి వాయిదా మీద వాయిదా వేయించవచ్చని మెమో రాసింది ఆయనే, కాదనను. అయితే ఆ నెలలో ఫ్రాన్స్ పడిపోయింది, శరణార్థుల్లో గూఢచారులున్నారన్న భయం పత్రికల నిండా ఉంది. 1941లో, జర్మన్ ఏలుబడిలో దగ్గరి బంధువులున్నవారికి వీసా ఇవ్వవద్దన్న నియమం వచ్చినా కాంగ్రెస్‌లో గగ్గోలు లేదు. 70 శాతం వద్దన్న దేశంలో లాంగ్ ఎదురీదలేదు, ప్రవాహంతోనే పోయాడు.

ట్రెజరీగది:

ఒప్పుకుంటాను, కానీ ప్రవాహం మారాక కూడా కాగితం మారలేదు. బోర్డు 1944 ఆగస్టులో ఇటలీ నుంచి 982 మందిని న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్విగోకు, ఫోర్ట్ ఒంటారియో శిబిరానికి తెచ్చింది. యుద్ధం అయ్యాక తిరిగి పోతామని ముందే సంతకాలు పెట్టించుకుని, కోటా బయట ‘అతిథులు’గా, కంచె లోపల ఉంచారు. 1945 డిసెంబర్ 22న కొత్త అధ్యక్షుడు ట్రూమన్ వాళ్లను ఉండనిచ్చాడు. అయినా వీసా దేశం బయటే ఇవ్వాలి. అందుకని 1946 జనవరిలో బస్సుల్లో నయాగరా వంతెన దాటించి, కెనడా వైపు అమెరికా కాన్సులేట్‌లో వీసాలిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చారు.

ఆ డిసెంబర్ 22 ఆదేశంలో ఇంకో మార్పు ఉంది. వ్యక్తులకు బదులు సహాయక సంస్థ గంపగుత్తగా పూచీ పడవచ్చు. పాతఫైళ్లు గారు చెప్పిన టెలిఫోన్ డైరెక్టరీ అవస్థ దాంతో తీరింది, పదేళ్లు ఆలస్యంగా. 1948లో నిరాశ్రయుల చట్టం వచ్చింది, మళ్లీ ఒక తేదీతో: 1945 డిసెంబర్ 22 నాటికి జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లోకి వచ్చి ఉన్నవారికే. 1946 జూలైలో పోలండ్‌లోని కెల్త్సేలో యూదుల ఊచకోత జరిగాక పారిపోయి వచ్చినవాళ్లంతా ఆ గీతకు అవతల పడ్డారు. చట్టం వివక్షతో కూడినదని తిడుతూనే ట్రూమన్ సంతకం చేశాడు. 1950 జూన్‌లో కాంగ్రెస్ ఆ తేదీని 1949 జనవరి 1కి జరిపింది. అప్పటికి చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు.